గొంతు బాగాలేని రోజు

జోజమ్మ మా బడిలో పధ్నాలుగేళ్ళు మధ్యాహ్న భోజనం వండింది. ఆమె గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. మొన్న ఆమె ఇంటికి వెళ్ళి వచ్చిన దగ్గర్నుంచి నాకు అన్నం సహించడం లేదు కాబట్టి రాస్తున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదని ముందే చెప్పేస్తే నాకూ మీకూ సుఖం.

మా బడి తిరువూరులో ఊరి చివర, గంపలగూడెం వెళ్ళే దారిలో ఉంటుంది. పేరు అనవసరం. అయిదు తరగతులు, ఇద్దరం టీచర్లం. హెడ్మాస్టర్ అనిల్ కుమార్ గారు రెండు తరగతులు తీసుకుని, అవి కూడా అరగంటలో ముగించి, ఆఫీసు పని ఉందంటూ రిజిస్టర్లలో తల దూర్చేవారు. మిగతా మూడు తరగతులూ ఒకే హాల్లో నా నెత్తిన ఉండేవి. ఒక మూల ఎక్కాలు, ఒక మూల పద్యం, ఇంకో మూల అ ఆలు. మధ్యలో నిలబడి నేను అరవాలి. జూన్‌లో బడి తెరిచిన పదో రోజుకల్లా నా గొంతు రేకు డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు తయారయ్యేది. ఇంటికొస్తే మా వారు నా మాట వినపడక కాదు, వినబుద్ధి కాక టీవీ సౌండు పెంచేవారు.

వరండా చివర రేకుల షెడ్డులో జోజమ్మ వంట చేసేది. పొడుగు మనిషి, మాట తక్కువ. పప్పు గరిటెతో కొలిచి పోయడంలో హెడ్మాస్టర్ మనవడికీ, ఎవరూ లేని పిల్లకీ తేడా చూపించేది కాదు. ఆ ఒక్క సంగతికే ఆమె మీద కొందరికి కోపం ఉండేది.

నేను ఆ బడికి వచ్చిన మొదటి వర్షాకాలంలో ఒకరోజు పదకొండింటికి స్టీలు గ్లాసు పట్టుకుని హాలు గుమ్మంలో నిలబడింది.

"టీచర్ గారూ, పొద్దుట్నుంచీ వింటున్నాను. గొంతు చీరుకుపోతోంది మీకు. ఇది వేడివేడిగా తాగెయ్యండి."

"ఏంటది?"

"అతిమధురం వేరు కాచానండి. కాస్త పటికబెల్లం వేశాను. మిరియాలు వెయ్యలేదు. అరిచి పోయిన గొంతుకి మిరియాలు మంట పెడతాయి."

తీసుకున్నాను. థాంక్స్ కూడా చెప్పాను. ఆమె షెడ్డులోకి వెళ్ళాక కుళాయి వెనకాల పారబోశాను. ఆ సంవత్సరమంతా అదే పని చేశాను. ఆమె పొగలో కళ్ళు నులుముకుంటూ కాచి తెచ్చేది, నేను నవ్వుతూ తీసుకుని పారబోసేదాన్ని. శుభ్రత కోసం అని నాకు నేను చెప్పుకునేదాన్ని. అది అబద్ధం. ఆమె వండిన షెడ్డు నా వంటింటికంటే శుభ్రంగా ఉండేది. నేను తాగకపోవడానికి కారణం కులం. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది.

రెండో సంవత్సరం ఒకసారి పైఅధికారి తనిఖీకి వచ్చే రోజున నా గొంతు పూర్తిగా పోయింది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాలేదు. ఆ రోజు గత్యంతరం లేక తాగాను. జోజమ్మ నన్ను గంటన్నర ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోమంది. నా మూడు తరగతులనీ తనే వరండాలో కూర్చోబెట్టి, చిక్కుడుకాయలకి ఈనెలు తీయిస్తూ కాపలా కాసింది. మధ్యాహ్నానికి నా పద్యం నేను చెప్పుకోగలిగాను. అధికారి "గుడ్" అని రాసి వెళ్ళారు. ఆ తరవాత ఇంక పారబోయలేదు. నా అవసరం నా ఆచారాన్ని మింగేసింది, అంతే. అందులో మంచితనం ఏమీ లేదు.

ఆ విద్య ఆమెకి వాళ్ళ నాన్న వల్ల వచ్చింది. ఆయన పేరు అంతోనయ్య. నెమలి అనే ఊరి దగ్గర ఒక పల్లెలో ఉపదేశి. ఫాదర్ గారు నెలకోసారి పూజ చెప్పడానికి వచ్చేవారట. మిగతా ఆదివారాలు జనాన్ని కూర్చోబెట్టి ప్రార్థన నడిపించడం, పాట ఎత్తుకోవడం, ఎవరన్నా పోతే జపం చెప్పడం అన్నీ అంతోనయ్య పనులే. వారమంతా వరినాట్లు, పత్తి చేలు. ఈస్టరు ముందు వచ్చే తపస్సు కాలం నలభై రోజులూ సిలువమార్గం పాటలు పాడి పాడి ఆయన గొంతు పూడుకుపోయేది. తల్లి లేని జోజమ్మ ఎనిమిదో ఏటి నుంచే ఆ గొంతుకి మందు కాచేది.

"మా నాన్న గొంతు లేస్తేనే మా ఊళ్ళో ఆదివారం వచ్చినట్టండి," అని చెప్పింది ఒకసారి.

ఆమె దగ్గర గొంతులకి ఒక లెక్క ఉండేది. చన్నీళ్ళు తాగి, మంచులో తిరిగి పట్టేసిన గొంతుకి మిరియాలు, శొంఠి. దగ్గుతో గీరుకుపోతుంటే బుగ్గన కరక్కాయ ముక్క పెట్టుకుని మెల్లిగా రసం మింగాలి. పిల్లలకి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు, పుక్కిలించి ఊసెయ్యడమే, లోపలికి ఏమీ పొయ్యకూడదు. జ్వరం ఉండి మింగుడు పడకపోతే మాత్రం తన దగ్గరికి రావద్దని, వెంటనే ఆసుపత్రికి పొమ్మని కసిరేది. పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు గానీ, మా వరండా చివరి మందు నాకు ఎన్నో ఏళ్ళు పని చేసింది. పూటకి రెండు గొంతు బిళ్ళలు చప్పరించే నేను వాటిని కొనడమే మానేశాను.

క్రమంగా నేనే పిల్లల్ని కూడా పంపడం మొదలుపెట్టాను. ఎవరన్నా ఖళ్ళుఖళ్ళున దగ్గితే పాఠం ఆగిపోతుంది కదా. "పో, జోజమ్మ దగ్గరికి పోయి ఉప్పునీళ్ళు పుక్కిలించి రా," అనేదాన్ని. ఆమె అయిష్టంగానే చేసేది. "ఒక ముక్క పెద్ద సార్‌కి చెప్పండి టీచర్ గారూ, నా చేత్తో పిల్లలకి ఏదన్నా ఇస్తే రేపు మాటొస్తది," అని రెండుమూడు సార్లు అంది. "నేనున్నాగా" అన్నాను. ఎంత సులువుగా అన్నానో ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నాకే కొట్టాలనిపిస్తుంది.

ఆరేళ్ళ కిందట ఎన్నికలు అయ్యాయి. బడి కమిటీలోకి కొత్తవాళ్ళు వచ్చారు. వచ్చిన వెంటనే వాళ్ళ చూపు వంట మీద పడింది. కమిటీ చైర్మన్ గారి దగ్గరి బంధువు ఒకావిడకి ఆ పని ఇప్పించాలని ఊరంతా అనుకుంటూనే ఉన్నారు. కానీ జోజమ్మని తీసెయ్యడానికి కారణం దొరకలేదు. బియ్యంలో పురుగు లేదు, గుడ్డు ఎగ్గొట్టలేదు, ఒక్క రోజు నాగా లేదు.

కారణం నేను ఇచ్చాను. మూడో తరగతి పిల్ల ఒకతి పొద్దుట్నుంచీ దగ్గుతుంటే, మామూలుగానే జోజమ్మ దగ్గరికి పంపాను. పిల్ల పుక్కిలించి వచ్చింది. మర్నాటికి జ్వరం, వాంతులు. ఆ వారం బడిలో సగం మందికి జ్వరాలే, నాక్కూడా ఒళ్ళు వెచ్చబడింది. కానీ ఆ పిల్ల నాయనమ్మ బడి ముందుకొచ్చి, వంటామె ఏదో నాటు మందు పోసిందని గోల పెట్టింది. సాయంత్రానికి చైర్మన్ గారు కమిటీని పిలిచారు.

మీటింగు మా హాల్లోనే జరిగింది. పెద్దవాళ్ళందరూ పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నారు. జోజమ్మ గుమ్మం పక్కన నిలబడింది. చైర్మన్ గారు మా వారికి ఎ.కొండూరు వైపు నుంచి వరసైనవాడు, పెళ్ళిళ్ళలో ఎదురుపడితే "అక్కయ్యా" అని పలకరించే మనిషి. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"పిల్లలకి మందులు ఇమ్మని నీకెవరు చెప్పారు?"

జోజమ్మ నా వైపు చూసింది. అందులో బెదిరింపు లేదు, బతిమాలడం కూడా లేదు. బడిలో గంట కొట్టే వేళైతే కొట్టేవాళ్ళ వైపు చూస్తామే, అలా చూసింది. ఇప్పుడు నేను లేచి చెబుతాననే అనుకుంది. చెప్పాల్సింది రెండే ముక్కలు: పిల్లని పంపింది నేను, అవి ఉప్పునీళ్ళు.

అనిల్ కుమార్ గారికి కూడా సంగతి కొంత తెలుసు. కానీ ఆయన తెలివిగా నా వైపు తిరిగారు.

"సరోజిని టీచర్ గారూ, మీ క్లాసు పిల్ల కదా. మీకేమన్నా తెలుసా?"

మెమో వస్తుందని భయం. పై నెలలో బదిలీలు, ఎక్కడో మారుమూలకి వేస్తారని భయం. రేపు పెళ్ళిలో ఎదురుపడే ఆ చైర్మన్ ముందు, ఒక వంటామె చేతి కషాయం తొమ్మిదేళ్ళు తాగానని చెప్పడానికి సిగ్గు. ఆ సిగ్గే అన్నిటికంటే పెద్దది. నేను చెయ్యి మెడ మీద వేసుకున్నాను. తల అడ్డంగా ఊపాను. గాలితో, పెదాలతో అన్నాను: "గొంతు పోయిందండి. మాట రావడం లేదు."

"అయ్యో, ఆమెకి బాగాలేదు, వదిలెయ్యండి," అన్నారు అనిల్ కుమార్ గారు.

అంతటితో తేలిపోయింది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఒకటేనని ఊరికే అనలేదు. ఇంక రాతకోతలు ఇప్పుడెందుకు, రేపు పొద్దున్నే తీర్మానం రాసి సంతకాలు పెడదామని చైర్మన్ లేచాడు. నా సంతకం కూడా కావాలన్నాడు. తల ఊపాను. జోజమ్మ అప్పటికే షెడ్డులోకి వెళ్ళి గిన్నెలు బోర్లించుకుంటోంది.

నేరుగా ఇల్లు చేరబుద్ధి కాక, బజారంతా తిరిగి చీకటి పడ్డాక ఇంటికి వచ్చేసరికి మా ట్యాంకు పొంగి మెట్ల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. మా వారు మోటారు కట్టేయకుండా పేపరు చదువుకుంటున్నారు. ఆ రోజు నా లోపల ఉన్నదంతా ఆ మోటారు మీద పడింది. "ఈ ఇంట్లో స్విచ్చి నొక్కడానికి కూడా నేనే రావాలా?" అని మొదలుపెట్టి, ఆయన రిటైరైన దగ్గర్నుంచి చేసిన తప్పులన్నీ ఏకరువు పెట్టాను. పక్కింటివాళ్ళు కిటికీ వేసుకున్నారు. అప్పుడు గేటు గడియ చప్పుడయింది.

జోజమ్మ. చేతిలో స్టీలు క్యాను, దాని మీద బోర్లించిన గ్లాసు.

నేను ఠక్కున గొంతు దించేశాను. విందో లేదో తెలియలేదు. ఆమె ముఖంలో ఏమీ కనపడలేదు. చెప్పులు మెట్ల కింద విడిచి, క్యాను మూత తీసి, గ్లాసులోకి పోసి నా చేతికిచ్చింది.

"వేడిగానే ఉందండి," అంది.

మామూలుగా అయితే తాగాక అరగంట నోరు మెదపొద్దని చెబుతుంది. ఆ రోజు ఆ మాట అనలేదు. మెట్టు మీద కూర్చుంది. పద్ధతిగా దువ్వి ముడి వేసుకున్న జుట్టు, ఉతికిన చీర. మీటింగు తరవాత ఇంటికి పోయి, స్నానం చేసి, పొయ్యి వెలిగించి, నా కోసం ఇది కాచి, రెండు కిలోమీటర్లు నడిచి వచ్చిందని అర్థమైంది. నేను తాగాను. గొంతులో ఏ బాధా లేనప్పుడు ఆ కషాయం ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. మరీ తీపి.

"ఇంకేమన్నా కావాలా టీచర్ గారూ?" అని అడిగింది.

తల ఊపాను, వద్దని.

క్యాను మూత పెట్టి మళ్ళీ అడిగింది. "ఏమీ లేదాండి?"

మెడ మీద చెయ్యి వేసుకుని చూపించాను. గ్లాసు తీసుకుని, మా కుళాయి దగ్గర కడుక్కుని వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున తొమ్మిదిన్నరకి నేను తీర్మానం మీద సంతకం పెట్టాను. నా సంతకం మూడోది.

తరవాత ఏమైందంటే, ఏమీ కాలేదు. కొత్తామె వచ్చింది. నిజం చెప్పాలంటే ఆమె సాంబారు బాగానే ఉండేది. జోజమ్మ పత్తి తీతలకి, మిరపకోతలకి గంపలగూడెం వైపు షేర్ ఆటోల్లో పోవడం మొదలుపెట్టింది. పత్తి బేళ్ళు మోసే భర్త ఏబెల్‌కి నడుం పడిపోయి అప్పటికే రెండేళ్ళు. పొద్దున ఎనిమిదింటికి ఆటో వెనకవైపు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని కనిపించేది. "బాగున్నారా టీచర్ గారూ," అని తనే ముందు పలకరించేది. నేను బాగున్నానని చెప్పి, గడియారం చూసుకుని, ఆలస్యమైపోయినట్టు నడిచేదాన్ని.

అతిమధురం నేనూ కొనుక్కొచ్చి కాచుకున్నాను. కుదరలేదు. ఎంత వెయ్యాలో, ఎంతసేపు మరగాలో తొమ్మిదేళ్ళలో ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు. అడగాల్సిన అవసరం ఏముంది, గ్లాసు చేతికొస్తుంటే? మళ్ళీ గొంతు బిళ్ళల దగ్గరికే పోయాను. వెళ్ళి క్షమాపణ చెప్పాలని ఆరేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. పండగ వెళ్ళాక, పరీక్షలు అయ్యాక, ఎండలు తగ్గాక అని వాయిదాలు వేశాను. మనిషి ఎదురుగా ఉండగా చెప్పలేనిదాన్ని మనసులో మాత్రం వందసార్లు, మంచి భాషలో చెప్పుకున్నాను.

ఈ నెలాఖరుకి నా రిటైర్మెంటు. బడిలో చిన్న సన్మానం చేస్తామన్నారు. ఆమె లేకుండా ఆ కుర్చీలో కూర్చోకూడదనిపించింది. మొన్న ఆదివారం మధ్యాహ్నం పిలవడానికి వాళ్ళ కాలనీకి వెళ్ళాను. పధ్నాలుగేళ్ళు వంట చేసిన మనిషి ఇల్లు నాకు తెలియదు. దారి అడుక్కుంటూ వెళ్ళాల్సి వచ్చింది.

వసారాలో గోనెపట్టా పరుచుకుని ఎండుమిరపకాయలకి తొడిమలు తీస్తోంది. ముక్కుకి, నోటికి చీర కొంగు కట్టుకుంది. లోపల మంచం మీద ఏబెల్ నిద్రపోతున్నాడు. నన్ను చూసి లేచి, కొంగు విప్పి, కుర్చీ తుడిచి వేసింది. మాట్లాడబోయి దగ్గింది. చాలాసేపు దగ్గింది. ఆ గొంతు నేను గుర్తుపట్టలేకపోయాను, అంత బొంగురుపోయింది.

"ఏమన్నా వేసుకుంటున్నావా, జోజమ్మా?"

"కాయ ఘాటుకండి. పని మానితే పోద్ది."

పని ఎలా మానుతుందో నేను అడగలేదు. సన్మానం సంగతి చెప్పాను. రావాలన్నాను. చూస్తానంది. ఇంక లేచి వచ్చేస్తే సరిపోయేది. కానీ నా బరువు దించుకోవాలి కదా. మనం క్షమాపణ చెప్పేది ఎదుటివాళ్ళ కోసం అనుకుంటాం గానీ, నిజానికి మన నిద్ర కోసం.

"జోజమ్మా, నీకొకటి చెప్పాలి. ఆ మీటింగు రోజు నా గొంతు బాగానే ఉంది."

ఇంకో కాయ తీసుకుని తొడిమ తుంచింది. "తెలుసండి," అంది.

"తెలుసా?"

"మీ గేటు దగ్గర నిలబడ్డాను కదండి. మోటారు కట్టలేదని సార్‌ని కేకలేస్తున్నారు. సందు చివరిదాకా వినపడింది."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలిసి కూడా లోపలికి వచ్చింది. తెలిసి కూడా గ్లాసులో పోసి చేతికిచ్చింది. జాలిపడి ఇచ్చిందనుకున్నాను. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాళ్ళకి కూడా ఒక ఆశ ఉంటుంది. ఆమె పెద్ద మనసుతో ఏదో ఒకటి అంటుందని, నాకు ఏడవడానికి వీలుగా ఉంటుందని అనుకున్నాను.

"మరి తెలిసీ ఎందుకిచ్చావు?"

ఆమె నన్ను నొప్పించాలని కాదు, సరిగ్గా చెప్పాలని ఆలోచించింది.

"సంతకాలు మర్నాడు పొద్దున కదండి. ఇంకా రాత్రంతా ఉంది. నలుగురి ముందు చెప్పలేకపోయారు, సరే, పెద్దోళ్ళు ఉన్నారు. ఇంటికొచ్చి చేతికిస్తే, నా గొంతుకేం కాలేదు జోజమ్మా, రేపు చెబుతాలే అంటారేమోనని వచ్చానండి. రెండుసార్లు అడిగాను కూడా." ఒళ్ళో పడిన తొడిమలు దులుపుకుంది. "మీరు గ్లాసు ఖాళీ చేసి ఇచ్చారు."